ఒక్కటే కొత్త జాలీ

...అసలు రోత ముక్కులో పుడుతుందా, లేక ముందు మనసులో పుట్టి ఆ నేరాన్ని ముక్కు మీదికి నెడుతుందా అని ఆలోచిస్తూ డిటెక్టివ్ మెట్లెక్కుతున్నాడు. చెమట వాసన, మురుగు వాసన, చచ్చిన ఎలుక వాసన ఒక జాతి. అవి తమను దాచుకోవు. ఇక్కడిది వేరు. కొత్త రంగు వాసననీ ఫినాయిలు వాసననీ దుప్పట్లలా మీదికి లాక్కుని, కింద ఏదో మునగదీసుకుని పడుకుని ఉంది. తడిగోనెను మడిచి పెట్టెలో పెట్టి మరిచిపోతే వచ్చే ముక్కిన వాసన. నిజానికి తనకు రోత కలుగుతున్నది ఆ వాసన వల్ల కాదేమో, దాని మీద దుప్పటి కప్పిన చెయ్యి వల్లనేమో అనిపించింది. ఆ చెయ్యి ఎవరిదో తేల్చడానికే వచ్చాడు. మెట్ల రెయిలింగు తగలకుండా మోచేతులు ఒంటికి హత్తుకుని పై అంతస్తు చేరాడు.

ఈ కేసు అప్పగించిన అక్కచెల్లెళ్ళలో పెద్దమ్మాయి గేటు దగ్గర చెప్పిన మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి. ఇద్దరిదీ ఈ భవనం పై అంతస్తులోని ఆఫీసులోనే ఉద్యోగం. ఫోన్లో జనం ఫిర్యాదులు వినే పని. నెల కిందట వరసగా సెలవులొచ్చినప్పుడు మేడమీది ట్యాంకు పైపు పగిలి, ఎవరూ చూసుకోకముందే హాలంతా నానిపోయింది. మరమ్మతులు జరుగుతుండగా చిన్నమ్మాయికి దగ్గు పట్టుకుంది. దగ్గు జ్వరమైంది. ఇప్పుడు ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకుని ఉంది. ఊపిరితిత్తుల్లో బూజు చేరిందన్నారు డాక్టర్లు. భవనం ఓనరు మాత్రం, గాలి పరీక్ష చేయించాను, హాలు అద్దంలా ఉంది, ఆ బూజు ఆ పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్నదే అంటున్నాడు. అరవై మంది పనిచేసే చోట ఒక్కదానికే జబ్బు చేస్తే తప్పు చోటుదా, మనిషిదా అని ఎదురు అడుగుతున్నాడు.

పెద్దమ్మాయిని ఆ ప్రశ్నే తినేస్తోంది. వానల్లో తడిబట్టలన్నీ చెల్లెలి మంచం పక్కన తాడు కట్టి ఆరేసింది తనే మరి.

"నా వల్లే అయితే నా మొహం మీదే చెప్పేయండి, తట్టుకుంటాను," అంది. "కాకపోతే పదింటిలోపు చెప్పండి. ఇవాళ ఆఫీసు తెరుస్తున్నారు. పదింటికి సీట్లో లేనివాళ్ళు ఇక రానక్కర్లేదన్నారు. మీ దగ్గర్నుంచి కబురు లేకపోతే నేను లోపలికెళ్ళి కూర్చుంటాను."

అతను తలూపాడు. చూడటం, చూసింది చెప్పటం. అతని వృత్తి అంతవరకే. చూసినదాన్ని ముట్టుకోవలసిన అవసరం ఇన్నేళ్ళలో రాలేదు, రానివ్వలేదు కూడా.

భవనం మేనేజరు వరండాలో కిటికీ రెక్కలు బార్లా తెరిచి, దాని ముందు టేబులు వేయించుకుని, సగం ఒళ్ళు బయటపెట్టినట్టు కూర్చుని ఉన్నాడు. లోపల అంత పెద్ద గది ఉండగా ఇక్కడెందుకని అడిగితే, వెలుతురు బావుంటుందన్నాడు. మెత్తటి మనిషి, మాటకారి. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. గ్లాసు అంచున ఎవరిదో వేలిముద్ర కనిపించి డిటెక్టివ్ దాన్ని అలాగే వదిలేశాడు. అడక్కుండానే మేనేజరు అంతా అప్పజెప్పాడు. తడిసిన తివాచీలూ గోడబోర్డులూ పీకించేశారట. కొత్తవి వేయించి రంగు కొట్టించారట. పోయిన ఆదివారం పరీక్ష కంపెనీ నుంచి వచ్చి, హాల్లోనూ మేడమీదా పంపు పెట్టి గాలి పట్టుకెళ్ళారట. బయటి గాలిలో ఉన్న బూజు రేణువుల్లో సగమైనా లోపల లేవట. బయటికంటే లోపల తక్కువుంటే ఆ చోటు శుభ్రమైనట్టే లెక్క, అదీ పద్ధతి. చివరికి ఫైరు బెల్లు కూడా పరీక్షించామనీ, అది మోగిందంటే పొగ పాకకుండా ఏసీ దానంతటదే ఆగిపోతుందనీ, తమ భవనం అంత పకడ్బందీ అనీ ముగించాడు.

"పరీక్ష మీ బావమరిదిగారే చేశారు. మీకు తెలిసే ఉంటుంది," అని కొసమెరుపులా చేర్చాడు.

తెలుసు. ఈ కేసు వద్దనడానికి అదొక్కటే కారణం. ఒప్పుకోవడానికీ అదే కారణమేమోనని రాత్రి పడుకోబోయే ముందు అనుమానమొచ్చింది కానీ, ఆ అనుమానాన్ని కూడా అతను ముట్టుకోలేదు.

"లోపలికెళ్ళి మాట్లాడుకుందాం రండి," అన్నాడు.

మేనేజరు లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, చెరువులో మునగబోయేవాడిలా ఛాతీ నిండా గాలి పీల్చుకుని అడుగు పెట్టాడు.

"పరీక్ష రోజు ఏసీ నడుస్తోందా?"

"లేదు."

"ఎవరు ఆపమన్నారు?"

"పరీక్షాయన."

"ఎందుకట?"

"ఏమో."

డిటెక్టివ్ అతన్ని భుజం తగలకుండా వరండాలోకి నడిపించి అదే ప్రశ్న మళ్ళీ వేశాడు. కిటికీ దగ్గరికి రాగానే మేనేజరు నాలుకకు ప్రాణం లేచొచ్చింది. కొత్త రంగు కదండీ, ఏసీ వేస్తే దుమ్ము లేచి తడి మీద అంటుకుంటుందని అన్నారు, ఆయనకి అనుభవం ఉంది కదా, మనమేం చెప్తాం అంటూ అల్లుకుపోయాడు. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి చిన్నమ్మాయి సీటు ఏదని అడిగితే నోరు తెరవకుండా వేలు చూపించాడు. మనిషి నాలుక ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది, ఊపిరితిత్తులకు ఆ విద్య రాదు. ఈ గాలి అద్దంలా ఉందని చెప్పే మనిషి ఈ గాలిని ఒక్క గుక్కయినా లోపలికి రానివ్వడం లేదు. డిటెక్టివ్‌కి అతని మీద జాలి కలగవలసింది. కలగలేదు. ఆ బిగపట్టిన బుగ్గలు చూస్తుంటే నోట్లో పాచిపోయిన ముద్ద పెట్టుకుని ఉమ్మలేక మింగలేక ఉన్నవాణ్ణి చూస్తున్నట్టు ఒళ్ళు జలదరించింది.

హాల్లో బల్లలు వరసలుగా ఉన్నాయి. గోడలు పాలలా తెల్లగా ఉన్నాయి. అతను తలెత్తి కప్పు చూశాడు. ఏసీ గాలి దిగే జాలీలు వరసకు ఆరు చొప్పున బిగించి ఉన్నాయి. ఏళ్ళ తరబడి గాలి కొట్టి కొట్టి అన్నీ పసుపుపచ్చగా పాలిపోయాయి, అంచుల్లో మసి గీతలున్నాయి. చిన్నమ్మాయి సీటు మీదున్న జాలీ ఒక్కటే కొత్తది. ముసలివాడి నోట్లో కట్టుడు పన్నులా మెరుస్తోంది.

"ఇదొక్కటే ఎందుకు మార్చారు?"

మేనేజరు మాట్లాడలేదు. మాట్లాడాలంటే ఊపిరి కావాలి.

డిటెక్టివ్ చేతి తొడుగులు వేసుకున్నాడు. జేబురుమాలు తీసి బల్ల మీద పరిచి, దానిమీద బూట్లు మోపి ఎక్కాడు. స్క్రూలు తేలిగ్గా ఊడాయి. జాలీ దించి టార్చి వేశాడు.

ఏసీ గాలి నడిచే డక్టు లోపలి గోడలకు జుట్టు మొలిచింది. మొదట అలాగే అనిపించింది. తర్వాత, ఏదో జంతువు గొంతులోకి చూస్తున్నట్టు. నల్లగా, ఆకుపచ్చగా, అక్కడక్కడ బూడిదరంగులో పొరలు పొరలుగా పేరుకుని, తడితో మెరుస్తూ, టార్చి వెలుగు తగిలితే కదిలినట్టుంది. తన ఊపిరే దాన్ని కదిలించిందని ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. అంటే తన ఊపిరి దానికి తగిలింది. దానిది తనకి. ఒక పెచ్చు ఊడి తొడుగు మీద పడింది, మెత్తగా, దాదాపు ప్రేమగా. అతను బల్ల మీంచి దూకి, పళ్ళు బిగించుకుని, వరండాలోకి పరుగులాంటి నడకతో వెళ్ళి, తొడుగులు తిరగేసి లాగి చెత్తబుట్టలో పడేశాడు. బొటనవేలూ చూపుడువేలూ తప్ప ఏదీ తగలకుండా.

వెనకే వచ్చిన మేనేజరు కిటికీ పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు. చాలాసేపు ఇద్దరూ బయటి గాలి తాగారు.

"నేనే వేశానండీ ఏసీ," అన్నాడు మేనేజరు. ఈసారి వాక్యం చిన్నగానే ఉంది. "తడిసిన ఫైళ్ళలో పనికొచ్చేవి ఏరడానికి ఆ పిల్లనొక్కదాన్నే పిలిపించారు. తలుపులన్నీ మూసి ఉన్నాయి, ఉక్క. చెమటలు కారిపోతున్నాయి పాపం. కాస్త చల్లగా ఉంటుందని వేశాను. కాసేపటికి పైనుంచి నల్లగా పొడి రాలింది. బల్ల మీద, తల నిండా. దులుపుకుని నవ్వింది. 'అంకుల్, తలకి రంగు ఫ్రీగా వేస్తున్నారా' అంది."

"తర్వాత?"

"ఆపేశాను. జాలీ మార్పించాను. దానికి అంటుకున్నదంతా... నేనే తుడిచాను, ఇంకెవరూ చూడకుండా."

అదన్నమాట. అరవై మందిలో ఒక్కదానికే ఎందుకంటే, అరవై మందిలో ఏసీ గాలి పీల్చింది ఒక్కతే. తాడు మీది తడిబట్టలకు ఈ నేరంతో సంబంధం లేదు. పెద్దమ్మాయికి చెప్పాల్సింది దొరికింది. డిటెక్టివ్ గడియారం చూసుకున్నాడు. ఇంకా గంటకు పైగా ఉంది. అప్పుడే ఫోన్ చెయ్యాల్సింది. కానీ సగం సత్యం పట్టుకెళ్ళడమంటే సగం కడిగిన చేతులతో భోజనానికి కూర్చోవడమే అతనికి. ఆ డక్టులోకి ఇంత ఎక్కణ్ణుంచి వచ్చిందో, పరీక్షలో ఇదెందుకు పట్టుబడలేదో అది కూడా చూసేసి చెబుదామని మేడమీదికి ఎక్కాడు.

మేడంతా నీళ్ళు దిగకుండా కొత్తగా తారు పూసి ఉంది. ఏసీ యంత్రం ఒక మూలనుంది. అది బయటి గాలిని లాక్కునే కిటికీలాంటి జల్లెడ ముందు అతను మోకాళ్ళ మీద వంగాడు, మోకాళ్ళు ఆనకుండా. చుట్టూ తారులో నీలం పీచు అతుక్కుపోయి ఉంది. కింద పీకేసిన తివాచీల పీచు. ఇప్పుడిక్కడ కుప్ప లేదు. కానీ తారు పచ్చిగా ఉన్నప్పుడు ఉంది, దాని ఆకారమంతా అచ్చుగుద్దినట్టు దిగింది. యంత్రం ముక్కుకు ఎదురుగా బూజు కుప్ప. అది పీల్చిందంతా కిందికి ఊదింది. ఆ అచ్చుకు జానెడు దూరంలో గుండ్రంగా మూడు గుంటలు కనిపించాయి. పంపు నిలబెట్టే ముక్కాలిపీట కాళ్ళవి.

అతను వాటిని ఫోటోలు తీస్తూ, కొలుచుకుంటూ, రాసుకుంటూ ఎంతసేపున్నాడో అతనికే తెలియదు. వెనక అత్తరు వాసన వచ్చింది. ఈ భవనంలో దేన్నీ కప్పిపుచ్చని వాసన ఒక్కటీ లేదా అనుకుంటూ లేచాడు.

"సబ్బు బావా, నువ్వేనా? మోకాళ్ళు ఆనకుండా వంగిన తీరు చూసి మెట్ల దగ్గర్నుంచే అనుకున్నాను," అన్నాడు బావమరిది. పెళ్ళిలో పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని, వదలగానే వెళ్ళి సబ్బుతో కడుక్కున్నాడని ఆ ఇంట్లో అప్పట్నుంచీ అతనికి అదే పేరు. బావమరిది చంకలో ముక్కాలిపీట ఉంది. తెరిచే రోజున జనం కళ్ళ ముందు పంపు ఒకటి తిప్పితే వాళ్ళకి ధైర్యంగా ఉంటుందని ఓనరు పిలిపించాడట.

"ఆదివారం పంపు ఎక్కడ పెట్టావు?" అని అడిగాడు డిటెక్టివ్.

"బయటి గాలి బయటే పట్టాలిగా. అదిగో, ఆ పిట్టగోడ పక్కన."

"నీ ముక్కాలిపీట కాళ్ళకి తారు ఉంది. పిట్టగోడ పక్కన ఒక్క గుంట కూడా లేదు. గుంటలు ఇక్కడున్నాయి, కుళ్ళిన తివాచీల కుప్పని ఆనుకుని. ఆ గాలిని బయటి గాలి అని రాశావు. దాని పక్కన పెడితే ఏ పాడుకొంపైనా పూలతోటే."

బావమరిది నవ్వాడు. అతని నవ్వు వాళ్ళక్క నవ్వులాగే ఒక పక్కకు ఒరుగుతుంది. చూడటానికి డిటెక్టివ్‌కి కష్టంగా ఉంది.

"కుప్ప మేడ మీదుంది. మేడ బయటుంది. పంపు కుప్పకి ఎంత దూరంలో ఉండాలో ఎవరూ గీత గియ్యలేదు బావా. సరే, నీకు నచ్చలేదు. నువ్వూ ఒక పంపు తెచ్చుకుని పట్టుకో. పట్టిన బూజు ప్లేట్లలో మొలిచి, ఎవరో లెక్కపెట్టి, కాగితం చేతికి వచ్చేసరికి వారం. అప్పటికి మనుషులు కూర్చుని పని చేసుకుంటుంటారు, గాలి పాడైతే వాళ్ళే పాడు చేశారంటారు. నువ్వేమో నోట్సు రాసుకుంటావు. అక్క ఎప్పుడూ అదే అనేది, మా ఆయనకి అన్నీ కనిపిస్తాయి, దేన్నీ ముట్టుకోడు అని."

"ఆ పిల్ల ఆసుపత్రిలో ఉంది."

"పడిశం పట్టే ఒళ్ళు కొందరిది. లేకపోతే పావుగంట ఏసీ గాలికి మనిషికి అంత పని అవుతుందా?"

డిటెక్టివ్ పుస్తకం మూశాడు.

"పావుగంట అని నేననలేదు," అన్నాడు. "అసలు ఏసీ వేశారనే అనలేదు. మేనేజరు నీకు ముందే చెప్పాడన్నమాట. చెప్పాడు కాబట్టే ఆదివారం ఏసీ ఆపించావు. డక్టులో ఏముందో తెలిసే."

బావమరిది మొహంలో నవ్వు పోలేదు. ఉన్నచోటే ఉండి చచ్చిపోయింది. గడియారం చూసుకుని, పెద్దమనిషి తరహాలో సర్దిచెప్పడం మొదలుపెట్టాడు. ఏసీ పదింటికి టైమరు మీద మొదలవుతుందట. కంట్రోలు గది తాళం ఓనరు జేబులో ఉందట, ఆయన ఇంకా దారిలో ఉన్నాడట. మొదట్లో కాస్త రాలుతుంది, తర్వాత అదే సర్దుకుంటుంది, అరవై మంది మీద పంచుకుంటే తలా చిటికెడు కూడా రాదు అన్నాడు. అతను దుర్మార్గంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నాడు. చావిట్లో కూర్చుని చెయ్యి కడుక్కుంటూ మాట్లాడే మనిషిలా అన్నాడు. ఆ పోలిక తోచగానే డిటెక్టివ్ ఉలిక్కిపడ్డాడు. చేతులు కడుక్కునేది ఎవరు?

"ఇప్పుడు టైమెంత?"

"ఇంకో నాలుగు నిమిషాలుంది."

ఫోన్ తీశాడు. పెద్దమ్మాయి నంబరు మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆ ఆఫీసులో సీట్లోకి వెళ్ళేముందు ఫోన్లన్నీ బయట పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. తర్వాత మేనేజరుకి చేశాడు. మేనేజరు గొంతు కిటికీ దగ్గర్నుంచి వస్తోంది, వాక్యాలు పొడుగ్గా ఉన్నాయి. అందరూ లోపలికెళ్ళిపోయారండీ, తలుపులు కార్డులతో తప్ప తెరుచుకోవు, నాకు కార్డు ఇవాళ్టి నుంచి లేదన్నారు అన్నాడు. కాస్త ఆగి, ఓనరు గారు ఫోన్లో చెప్పారండీ, ఆ సీటు ఖాళీగా ఉంటే అందరికీ గుర్తొస్తుందని వాళ్ళక్కనే అక్కడ కూర్చోబెట్టాం అన్నాడు.

ఆ సీటు. దాని మీద జాలీ లేదు. తీసింది తనే, మళ్ళీ బిగించలేదు. తొడుగుల మీద పడిన పెచ్చును వదిలించుకునే తొందరలో ఆ గొంతును అలాగే తెరిచిపెట్టి వచ్చేశాడు.

అతను వెనక మెట్ల మీదుగా దిగాడు. ఈసారి రెయిలింగు చేతికి తగిలింది, తగిలిందని కూడా తెలియలేదు. వెనకనుంచి బావమరిది, బావా తలుపు అటు నుంచి తెరుచుకోదు అని చెబుతున్నాడు. నిజమే. హాలు వెనక తలుపుకు లోపలివైపే గడియ ఉంది. తలుపులో మందపాటి గాజు పలక. అందులోంచి పెద్దమ్మాయి వీపు కనిపిస్తోంది. చెవుల మీద హెడ్‌ఫోన్లు, తల కాస్త వంచి ఎవరి ఫిర్యాదో వింటోంది. సరిగ్గా ఆమె నడినెత్తి మీద నల్లటి చదరపు కన్నం. బల్ల మీద బూటు మరకలతో మిగిలిపోయిన అతని జేబురుమాలును ఆమె నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచింది.

అతను గాజు మీద పిడికిలితో బాదాడు. అరవై మందీ అరవై గొంతులు వింటున్నారు. ఎవరూ తిరగలేదు.

మేడమీద ఎక్కడో యంత్రం గొంతు సవరించుకుంటున్నట్టు చిన్న మూలుగు వినిపించింది.

మోగితే ఏసీ ఆగిపోతుందని మేనేజరు చెప్పిన ఫైరు బెల్లు తలుపు పక్కనే ఉంది. ఈ మెట్లదారి ఎవరూ వాడరు కనక ఇక్కడ రంగు వెయ్యలేదు. నీళ్ళు దిగిన గోడ దిగినట్టే ఉంది. చెమ్మ కిందినుంచి పాకి, గోడనంతా కమ్మి, ఎర్రడబ్బాను కూడా మింగేసింది. డబ్బా మధ్యలో మీట ఉండాల్సిన చోట బూడిదరంగు బూజు ఎలుకపిల్ల బొచ్చులా ఉబ్బి, తడిగా, నున్నగా ఉంది. ఆ వాసనకు అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కుడిచెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళి, రుమాలు లేదని తెలుసుకుని, ఖాళీగా బయటికొచ్చింది. తొడుగులు చెత్తబుట్టలో ఉన్నాయి. మోచెయ్యి ఎత్తాడు, కోటు అంచు లాగి చూశాడు. ఇంకా శుభ్రమైన దారి ఏదైనా ఉందేమోనని మనసు వెతుకుతూనే ఉంది, జీవితమంతా వెతికినట్టే. వెనక మెట్ల మీద అత్తరు వాసన దిగివస్తోంది. "వద్దు బావా, నొక్కావంటే నీ లైసెన్సు పోతుంది," అన్నాడు బావమరిది. ఆ గొంతులో మొదటిసారి భయం వినిపించింది.

గాజుకు అవతల పెద్దమ్మాయి, మీద ఏదో పడ్డట్టు, చెయ్యెత్తి జుట్టు తడుముకుంది.

అతను చూపుడువేలు చాచి, ఆ చల్లటి మెత్తదనంలోకి గోరు దాకా దింపి, నొక్కాడు.